ఆదివారాలు కూర్చుని రాసిన ఊపిరి

నా పొట్ట మీద నాలుగు కోతలున్నాయి. మొదటిది నా ప్రాణం కాపాడటానికి పెట్టింది. తరువాతి మూడూ, ఒక్కొక్కటీ దాని ముందుదాన్ని సరిచేయడానికి పెట్టినవి. ఇప్పుడు నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, దగ్గొస్తే పొట్టకు దిండు అదుముకుని దగ్గుతున్నాను. హెర్నియా అన్న మాట విని బెంగపడుతున్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. వాళ్లకు పనికి రాకపోయినా నాకు పనికొస్తుంది. జరిగింది జరిగినట్టు రాయడం నాకు అలవాటు లేదు.

1996, ఎండాకాలం

నేను గడ్డపోతారంలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో షిఫ్ట్ కెమిస్టుని. సంగారెడ్డిలో బీఎస్సీ చదివి, ఊళ్లో మడి చెక్క తమ్ముడికి వదిలేసి, పటాన్‌చెరులో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాను. అప్పట్లో మా ప్లాంటులో కడుపుమంట మందు తయారయ్యేది. దాన్ని తయారుచేసేవాడికే అల్సర్ పగిలిందని తెలిసి మా సేల్స్ వాళ్లు కొంచెం నొచ్చుకున్నారని తరువాత విన్నాను.

పగిలిన రోజు పెద్దగా గుర్తులేదు. కంపెనీ జీపు వెనక సీటు, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకోవడం, పక్కన సుజాత నా తల పట్టుకుని "ఇగొచ్చినం బావా, ఇగొచ్చినం" అనడం గుర్తున్నాయి. సుజాత నా భార్య, మేనమామ బిడ్డ. పెళ్లికి ముందు బావా అనేది, తరువాతా అదే. ఆ రోజు కోత రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా పెట్టారు. బతికాను.

మూడు నెలలు బరువులెత్తొద్దని చెప్పి పంపారు. మూడు వారాలకే డ్యూటీకి వెళ్లాను. ఎవరూ బలవంతపెట్టలేదు. "తొందరేం లేదు, వేరే మనిషిని పెట్టుకుంటం" అన్నాడు మేనేజరు, అంతే. ఒక రోజు హెల్పర్లు ఇద్దరు రాలేదు, రియాక్టరులోకి, అంటే మందు ఉడికే పెద్ద తొట్టిలోకి, సరుకు పడాల్సిన టైం అయింది. డ్రమ్మును నేనే వంచాను. లోపల ఎక్కడో పాత బనియను చిరిగినట్టు చిన్నగా అనిపించింది. నొప్పి లేదు. వర్షాలు మొదలయ్యేసరికి బొడ్డు పైన ఉసిరికాయంత ఉబ్బు వచ్చింది, అదే హెర్నియా. దగ్గితే లేచేది, పడుకుంటే పోయేది. పోతోంది కదా అని ఊరుకున్నాను.

1997 నుంచి 2000 దాకా

ఈ నాలుగేళ్లనూ కుదించి చెబుతాను. అప్పుడు గడిచిన తీరులో చెబితే చదివేవాళ్లు బతకరు.

మొదట ఒక నర్సింగ్‌హోంలో దాన్ని కుట్టారు. ఆరు నెలలకు ఒక దగ్గుతో ఊడింది. రెండేళ్ల తరువాత ఇంకో చోట మెష్ వేశారు, అంటే దోమల జాలీలాంటి వల. దానికి చీము పట్టింది. నాలుగు నెలలు రోజూ కట్టు మార్చి, చివరికి ఆ వలను ముక్కలు ముక్కలుగా పీకేశారు. మొదట కోసినాయన తప్పని రెండో ఆయన చెప్పాడు. రెండో ఆయన తప్పని మూడో ఆయన చెప్పాడు. ముగ్గురూ మంచివాళ్లే. కానీ ఒక్కరైనా "నువ్వేం పని చేస్తావు, ఎన్ని సిగరెట్లు తాగుతావు, రాత్రి ఎంత దగ్గుతావు" అని అడగలేదు. నేనూ చెప్పలేదు. కుట్టేవాళ్లు కుట్టాల్సిన చోటు చూశారు. ఆ చోటు ఒక మనిషి మీద ఉందని మా నలుగురిలో ఎవరికీ గుర్తు రాలేదు.

2000 నాటికి నా పొట్ట చూస్తే బస్సులో ఆడవాళ్లు లేచి సీటిచ్చేలా ఉండేది. పేగులు సగం బయటికి వచ్చి చర్మం కింద సంచిలో పడినట్టుండేవి. పడుకుంటే అవి మెల్లగా కదలడం కనపడేది. సుజాత మొదటిసారి చూసి లేచి బయటికి వెళ్లి, బిందె తోముతూ చాలాసేపు లోపలికి రాలేదు. తోమిన బిందెనే మళ్లీ తోమింది.

ఫ్యాక్టరీలో యాదయ్య అని హెల్పరు. నా కంటే పదేళ్లు పెద్ద. ఒకరోజు చాయ్ దగ్గర అడిగాడు.

"ఎన్నో నెల సారు?"

"నిండినయ్ యాదయ్యా. పురుడు పోస్తవా?"

"పోస్త గని, మొగపిల్లగాడైతెనే."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నెలలోనే నన్ను ప్లాంటు నుంచి తీసి, రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. లైట్ డ్యూటీ అన్నారు. లైట్ డ్యూటీలో పడ్డవాళ్ల పేర్లు ఏడాది తిరిగేసరికి హాజరు పుస్తకంలో ఉండవని మాకందరికీ తెలుసు.

ఆ రికార్డుల గది గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తరువాతిది అర్థం కాదు. మందు తయారయ్యేటప్పుడు అరగంటకోసారి వేడి ఎంతుందో, ఒత్తిడి ఎంతుందో చూసి షీటులో రాయాలి. రాస్తాం కూడా. కాకపోతే షిఫ్టు చివర కూర్చుని, ఎనిమిది గంటలదీ ఒకేసారి రాస్తాం. నేను చేరిన మొదటి వారమే సీనియరు నేర్పాడు. అన్నీ ఒకే అంకె వేయొద్దు, అటూ ఇటూ కొంచెం కదిలించు. రెండు పెన్నులు మార్చు. ఒకచోట కొట్టేసి పక్కన సంతకం పెట్టు. అన్నీ సరిగ్గా ఉంటే అనుమానం వస్తుంది. ఇందులో నాకు మంచి పేరుండేది. ఆడిట్ వస్తుందంటే పక్క షిఫ్టు వాళ్లు కూడా పాత షీట్లు నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఇన్నేళ్లలో నేను రాసిన షీటు ఒక్కటీ ఎవరూ చదవగా చూడలేదు. ఉందా లేదా అని చూసేవాళ్లు. ఉండేది.

2001, జూన్

కట్లు మార్చిన నర్సింగ్‌హోంలోని ఒక జూనియర్ డాక్టరు, గుమ్మం దాకా వచ్చి, తన పైఆయనకు వినపడకుండా చెప్పాడు. "సిటీలో ఒక ఆస్పత్రి ఉంది. ఇలాంటి కేసులు నలుగురైదుగురు డాక్టర్లు కలిసి కూర్చుని చూస్తారు. అక్కడికి వెళ్లండి, ఇంకెక్కడా కోయించుకోవద్దు." ఆ నాలుగేళ్లలో నేనెరిగిన మొదటి దయ అది.

ఆ ఆస్పత్రిలో బుధవారం పొద్దున చూసేవారు. వసారాలో బల్లల మీద మాలాంటివాళ్లం పదిహేను మందిమి, అందరమూ పొట్టలు పట్టుకుని. పిలిస్తే లోపలికి వెళ్లాలి. లోపల ఆరు కుర్చీలు, మధ్యలో ఒక స్టూలు. స్టూలు మీద కూర్చుని చొక్కా ఎత్తాలి. మా పెళ్లిచూపులకు కూడా అంతమంది రాలేదు, వచ్చినవాళ్లు అంత శ్రద్ధగానూ చూడలేదు.

ఆరుగురూ ఎవరంటే, ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు, కండను జరిపి తెచ్చి కప్పే ఇంకో సర్జను, మత్తు ఇచ్చే డాక్టరమ్మ, ఊపిరితిత్తుల డాక్టరు, తిండి సంగతి చూసే మేడం, ఫిజియోథెరపీ చేయించే నిర్మల అనే అమ్మాయి. నిర్మలకు పాతికేళ్లుంటాయి. అందరికంటే చివరి కుర్చీ ఆమెది.

వాళ్లు గంటసేపు అడిగారు. పని ఏమిటి, ఎంత బరువులు, ఎన్ని సిగరెట్లు, ఏ వాసనలు పీలుస్తాను, మెట్లెక్కితే ఆయాసమా, ఇంట్లో ఎవరెవరున్నారు. ఇన్నాళ్లకు నా గురించి నన్నే అడిగారు. చివరికి పెద్ద డాక్టరు చెప్పాడు.

"పొట్ట మూయడం మా పని, అది చేస్తాం. కానీ ఇన్నేళ్లు బయట తిరిగిన పేగుల్ని లోపలికి తోస్తే, అవి మీ ఊపిరితిత్తుల్ని పైకి నెడతాయి. ఆ రోజుకు మీ ఊపిరి తయారుగా ఉండాలి. లేకపోతే పొట్ట బాగుంటుంది, మీరు ఉండరు."

"తయారు చేసుకుంట సార్."

"ఇది నాలుగోసారి. ఐదోసారి కుట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. అందుకని ఎనిమిది వారాలు మేం చెప్పింది మీరు చేయాలి. ఈ ఆరుగురిలో ఒక్కరు కాదన్నా నేను కత్తి పట్టుకోను."

సిగరెట్టు మానేయాలి. బరువు తగ్గాలి. మూడు బంతుల డబ్బా ఒకటి ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. రోజుకు ఆరుసార్లు, ఒక్కోసారి పది పీల్పులు. ఎన్ని బంతులు లేచాయో, ఎంత దూరం నడిచానో, ఎన్ని సిగరెట్లు తాగానో రోజూ రాయడానికి నిర్మల నాకొక షీటు ఇచ్చింది.

గళ్లు గీసిన షీటు. నా చేతికి.

2001, జూన్ నుంచి ఆగస్టు దాకా

మొదటి నాలుగు రోజులు నిజంగా చేశాను. ఒక్క బంతి లేచేది, రెండోది వణికేది. తరువాత దగ్గు, దగ్గితే పొట్ట పట్టుకుపోవడం. కిటికీ పక్కనే వాడకట్టు. పక్కింటి ముసలామె తొంగిచూసి "పీక ఊదుతున్నవా బిడ్డా" అంది. అయిదో రోజు డబ్బా బీరువా మీదికి ఎక్కింది. సిగరెట్టు పది నుంచి నాలుగుకు తగ్గించాను. ప్లాంటులో మంట ముట్టకూడదు కాబట్టి అగ్గిపెట్టె గేటు దగ్గరే ఇచ్చేస్తాం, నాలుగూ గేటు బయట చాయ్ కొట్టు దగ్గరే. దాన్ని మానేయడమనే అనుకున్నాను.

బరువు మాత్రం నిజంగానే తగ్గాను. ఆస్పత్రి కాటా మీద ఎక్కాలి కదా.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద కూర్చుని, వారం మొత్తం రాసేవాడిని. మొదటి వారం ఒక బంతి, మూడో వారానికి రెండు, అయిదో వారానికి మూడు. ఒక మంగళవారం ఒకటి తగ్గించి పక్కన "జలుబు" అని రాశాను. నల్ల పెన్ను, నీలం పెన్ను. ఒకచోట కొట్టేసి సంతకం. సిగరెట్ల గడిలో రెండో వారం దాకా రెండు, ఒకటి వేసి, మూడో వారం నుంచి సున్నాలు చుట్టాను. ఒక్కసారిగా మానేస్తే నమ్మరు.

సుజాత పక్కనే కూర్చుని బియ్యం ఏరుతూ చూసింది.

"గిదేంది బావా? బేస్తవారం నువ్వు ఒక్కపారి గూడ ఊదలే."

"రాసేది నేనా నువ్వా?"

"నీ ఫ్యాక్టరీ కాయితమా ఇది?"

"ఏ కాయితమైనా ఫైలుకే సుజాతా. ఎవ్వరు సదువరు."

"సదివితే?"

నేను జోకు వేశాను. ఏం జోకో గుర్తు లేదు. ఆమె నవ్వలేదన్నది గుర్తుంది.

2001, ఆగస్టు చివరి బుధవారం

చదివారు.

పెద్ద డాక్టరు ఆ షీటును తీసి, గదిలో అందరికీ వినపడేలా వారం వారం చదివాడు. ఇన్నేళ్లలో నా షీటును ఒక మనిషి చదవడం అదే మొదటిసారి. ఊపిరితిత్తుల డాక్టరు తల ఊపాడు. ఊపిరి కొలిచే మిషను ఆ రోజు రిపేరులో ఉంది. "ఇంత పద్ధతిగా చేసిన మనిషికి మళ్లీ మిషనెందుకు? వచ్చే వారం దాకా ఆపనక్కర్లేదు" అన్నాడు. మత్తు డాక్టరమ్మ షీటు తీసుకుని మళ్లీ చూసి, "ఇలాంటి పేషంట్లు అందరూ ఉంటే బాగుండు" అంది.

నిర్మల మాత్రం డబ్బా ఇచ్చి పీల్చమంది. రెండు బంతులు లేచాయి.

"ఇంట్ల మూడు లేస్తున్నయ్ గద సార్?"

"ఇంట్ల ఇట్ల ఆరుగురు కూసోని సూడరు మేడం."

ఆమె నవ్వి, సరే అని రాసుకుంది.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. చెబితే ఏమయ్యేది? ఆపరేషన్ నెల వెనక్కి పోయేది. డబ్బా బీరువా మీది నుంచి దిగేది. అంతే. కానీ అయిదేళ్లలో నన్ను ఎవరూ మంచి పేషంటు అనలేదు. ఆ మాట ఇంకా చెవిలో ఉంది. నోరు తెరవలేదు. వసారాలోకి వచ్చాక సుజాత నా మొహం చూసి, సంచి భుజానికి తగిలించుకుంది.

2001, సెప్టెంబరు

పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకుపోతే సాయంత్రం దాకా చేశారట. చాలా బాగా చేశారట. పేగుల్ని లోపల సర్దారు, పక్కల కండను విడదీసి మధ్యకు తెచ్చి కలిపారు, కింద మెష్ పరిచారు. మేస్త్రీ పనిలో వంక పెట్టడానికి లేదు.

మర్నాడు ఊపిరి ఆడలేదు.

అది ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఎవరో నీ ఛాతీ మీద కూర్చున్నట్టు కాదు. నీ ఛాతీయే నీది కానట్టు. గాలి ముక్కు దాకా వస్తుంది, లోపలికి రానంటుంది. నువ్వు ఎంత లాగినా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. తెల్లకోటు వాళ్లు పరుగెత్తడం కనపడింది. తరువాత గొంతులోకి గొట్టం, వెంటిలేటరు. తొమ్మిది రోజులు మిషను నా బదులు ఊపిరి తీసింది.

ఆ తొమ్మిది రోజులూ సుజాత ఐసీయూ బయట మెట్ల మీద ఉంది. ఇంకో పేషంటు తల్లి ఎవరో పెరుగన్నం సగం ఈమె టిఫిను డబ్బాలో పెట్టేదట. లోపల ఒక ఆయా నా పెదాలకు తడి దూది అద్దేది. పేరు తెలియదు, చేతికున్న ఎర్ర గాజులు తెలుసు.

మూడో రోజు ఆరుగురూ నా మంచం పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. నాకు తెలివి లేదు. సుజాత అద్దం తలుపు దగ్గర ఉంది. పెద్ద డాక్టరు నిర్మలను అడుగుతున్నాడు. మూడు బంతులు లేపే మనిషి ఊపిరి ఇలా ఎందుకు కూలింది, నువ్వు సరిగ్గా నేర్పావా, ఎదురుగా చేయించి చూశావా. ఆ పిల్ల తల దించుకుని "రెండే లేచినయ్ సార్, నేను సరే అనుకున్న" అంటోంది. కళ్లల్లో నీళ్లు. సుజాత తలుపు తోసుకుని వెళ్లింది.

"ఆ మేడంను అనకుండ్రి సారు. ఆ కాయితం మా బావ రాసింది. ఆదివారం ఆదివారం కూసోని వారమంత ఒక్కపారే రాసిండు. డబ్బా బీరువ మీదున్నది. సిగరెట్ గూడ తాగిండు. నేను సూసిన, చెప్పలే. నాదీ తప్పే."

పెద్ద డాక్టరు షీటు తెప్పించుకుని, మళ్లీ మొదటి నుంచి చదివాడట.

గొట్టం తీసి, నాకు మాట వచ్చాక సుజాత ఇదంతా చెప్పింది. ఒప్పుకునే అవకాశం కూడా నాకు దక్కలేదు. నాకు కోపం వచ్చింది. అవును, ఆమె మీదే. నా పరువు తీశావన్నాను, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ఆమె గ్లాసులో నీళ్లు పోసి, చెంచాతో పట్టించి, "నీ పరువు గొట్టంల ఉండె బావా, నేను ముట్టలే" అంది. తరువాత రెండు రోజులు అవసరమైనదే మాట్లాడింది.

నిర్మల రోజూ వచ్చింది, ఆదివారం కూడా. వీపు మీద దోసిలి చేతులతో తట్టి కఫం తెప్పించేది. నాకు దగ్గడం భయం, కుట్లు ఊడతాయని. "దిండు పట్టుకో సార్, నేనున్న" అనేది. షీటు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఒక్క మాట తిట్టినా నాకు తేలికగా ఉండేది.

డిశ్చార్జికి ముందు రోజు పెద్ద డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"మీరేం పని చేస్తారన్నారు?"

"కెమిస్టుని సార్. బల్క్ డ్రగ్స్."

నాకు ఎక్కుతున్న సెలైను వైపు చూశాడు, దానికి తగిలించిన మందు సీసా వైపు చూశాడు.

"అక్కడా ఇలాగే రాస్తారా?"

"టెస్టులు చేసేది వేరే డిపార్ట్‌మెంట్ సార్" అన్నాను.

ఇంతకంటే చేతకాని జోకు నా జీవితంలో వేయలేదు. ఆయన లేచి వెళ్లిపోయాడు.

మధ్యలో ఒక మాట

ఈ జబ్బుతో తిరుగుతున్నవాళ్లకు చెప్పదలచుకున్నది ఇంతే. ఒక్కరే చూసి, ఒక్కరే కోసి పంపే చోట మళ్లీ మళ్లీ కోయించుకోకండి. నలుగురు కలిసి ఆలోచించే చోటు వెతుక్కోండి, ఎంత దూరమైనా. అయితే ఆ నలుగురూ మీరు చెప్పినదాని మీదే నిలబడి ఆలోచిస్తారు. అక్కడ ఆరు కుర్చీలు కాదు, ఏడు. ఏడోది ఆ స్టూలు. దాని మీద కూర్చున్నవాడు అబద్ధం చెబితే మిగతా ఆరుగురి చదువూ ఆ అబద్ధానికే పనిచేస్తుంది.

డ్యూటీ సంగతి కూడా చెప్పేస్తాను. రికార్డుల గదికి తిరిగి వెళ్లాను. ఉద్యోగం ఇంకా ఉంది. షీట్లు అలాగే వస్తున్నాయి. నా పాత షిఫ్టువి అరగంటకోసారి రాయండని మా వాళ్లకు చెప్పాను. నా పొట్టతో పాటు బుర్ర కూడా కుట్టారని యాదయ్య అందరికీ చెబుతున్నాడు.

2002, ఫిబ్రవరి

కుట్టు నిలిచింది. ఎడమ పక్క కొంచెం మెత్తగా ఉందన్నారు, చూస్తూ ఉండాలన్నారు. సిగరెట్టు లేదు. ఇది నిజం, కానీ నా మాట మీద ఎవరూ నమ్మనక్కర్లేదు, సుజాతను అడగవచ్చు.

చూపించుకుని వసారాలోకి వచ్చేసరికి బల్ల మీద ఒకామె కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. పేరు మణెమ్మ, జోగిపేట అవతల పల్లె, కూలి పని. కాన్పు ఆపరేషన్ కుట్టు ఊడి, రెండుసార్లు కుట్టించినా నిలవక ఇక్కడికి వచ్చింది. చీర కొంగు కింద ఆమె పొట్ట నా పాత పొట్టలాగే ఉంది. ఒళ్లో మూడు బంతుల డబ్బా, చేతిలో షీటు.

"ఏమన్నరమ్మా?" అని సుజాత అడిగింది.

"కాయితం సెల్లదన్నరక్కా. దినాం ఈడికొచ్చి ఆ మేడం ముంగట్నే ఊదాల్నట. ఆరు వారాలు. కాయితాలు ఇస్తరట గని, ఒట్టి కాయితం సూసి ఇప్పుడు కోస్తలేరంట."

"ఎందుకట?"

"ఏమో. ఎవడో దొంగ కాయితం రాసిండంట, పాణం మీదికి తెచ్చుకున్నడంట."

సుజాత నా వైపు చూడలేదు. అది ఆమె నాకు చేసిన ఉపకారం.

నేను ఆ షీటు అడిగి తీసుకున్నాను. మణెమ్మకు చదువు రాదు. గడి గడికీ, లేచిన బంతికొక గీత, ఎర్ర పెన్నుతో. కొన్ని గీతలు కాగితం చిరిగేలా ఉన్నాయి, మోకాలి మీద పెట్టుకుని గీసినట్టు. మూడు వారాల దాకా ఒక్కటే గీత, పెరగనే లేదు. ఒకచోట అయిదు రోజులు ఖాళీ. ఆ అయిదు రోజులు ఏమైందని అడిగితే, నాట్లు పడ్డాయి, వంగి లేచేసరికి ఊపిరి మిగల్లేదు అంది. చివరి వారం రెండు గీతలు, ఒకే ఒక్క రోజు మూడు. దాని మరునాడు మళ్లీ ఒకటి.

పద్ధతిగా లేదు. ఎదుగుదల లేదు. నేనైతే ఇలా ఎప్పుడూ రాయను. అంత నిజమైన షీటు నా ఉద్యోగంలో చూడలేదు.

నేను తిరిగి ఆ గదిలోకి వెళ్లాను. పిలవకుండా వెళ్లడం అదే మొదలు. ఆరుగురూ ఉన్నారు. షీటు పెద్ద డాక్టరు ముందు పెట్టాను.

"సార్, ఇది నిజమైంది. ఖాళీలు చూడండి. దొంగ షీటులో ఖాళీలుండవు. మూడు వారాలు ఒక్కటే ఉంది, దొంగగా రాసేవాడు అన్నాళ్లు ఓపిక పట్టడు, రెండో వారానికే పెంచేస్తాడు. మూడు లేచిన మర్నాడు ఒకటి, ఇది ఎవరూ ఊహించి రాయలేరు సార్. ఆమె రోజూ రావడం కుదరదు, జోగిపేట అవతల నుంచి మూడు బస్సులు మారాలి. ఈమెను ఈ షీటు మీదే తీసుకోండి."

ఆయన అంతా విన్నాడు. షీటు మీద వేలు పెట్టి, నేను చెప్పిన ఒక్కో చోటూ చూశాడు. నిర్మల కూడా వంగి చూసింది.

"మీరు చెప్పింది అంతా సరిగ్గానే ఉంది" అన్నాడు. "ఇవన్నీ తెలిసిన మనిషి ఇలాంటిది కూడా రాయగలడు కదా?"

ఏం చెప్పినా, చెప్పేది దొంగ షీటు రాసినవాడే.

"ఆమె మీద నాకు అనుమానం లేదు" అన్నాడు ఆయన, కొంచెం మెత్తగా. "కానీ కాగితం మీద ఇంకో మనిషిని బల్ల ఎక్కించలేను. రోజూ రమ్మనండి. బస్సు పాసుకు నేను చీటీ రాసిస్తాను."

షీటు తిరిగి తీసుకుని బయటికి వచ్చి, మణెమ్మ చేతికిచ్చి, డాక్టరు అన్న మాట చెప్పాను. పటాన్‌చెరులో మా ఇంట్లో ఉండి రోజూ వచ్చి వెళ్లమని సుజాత అడిగింది. రెండు గదుల్లో ఎక్కడ పడుకోబెడుతుందో ఆలోచించకుండానే అడిగింది. మణెమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇంటికాడ రెండు బర్రెలున్నయక్కా. అత్తకు కండ్లు కానరావు. ఆరు వారాలంటే యాడైతది."

షీటును నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పింది. నా చొక్కా జేబులోని పెన్నుల వైపు, మొహం వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"సారు, మీరు సదువుకున్నోల్లు గద. నాది సక్కగ లేదని సెల్లలేదేమో. జెర మీరు మంచిగ రాసియ్యరాదు?"

వసారాలో తరువాతి పేరు పిలిచారు. ఎవరో పొట్ట పట్టుకుని లేచారు.

"నీదే మంచిగున్నదమ్మా" అన్నాను. "తప్పంత నాది."

ఆమెకు అర్థం కాలేదు. రాయడం ఇష్టం లేక చెప్పే మాట అనుకుంది. మర్యాదగా తల ఊపి, డబ్బా సంచిలో పెట్టుకుని, పొట్ట కింద ఒక చేయి ఆనించి, బస్సు అందుకోవడానికి మెల్లగా మెట్లు దిగింది.